తర్వాతి ఊళ్ళో బాగుపడే బండి

సైకిల్ మీద దూరం వెళ్ళాలని ఉంది, ఏ బండి కొనమంటారు అని ఒక కుర్రాడు అడిగితే మన సైకిల్ మిత్రులు చెప్పే జవాబు నాకు కంఠతా వచ్చేసింది. కార్బన్ ఫోర్కు ఉండాలి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉండాలి. వెనక పన్నెండు గేర్లు ఉండాలి. మొత్తం బండి పది కిలోలు దాటకూడదు. కొత్తదే కొనాలి, పాతది కొంటే ఎవరో వదిలించుకున్న దరిద్రాన్ని నెత్తికెత్తుకున్నట్టే. అన్నీ కలిపితే లక్షన్నర పైమాట. ఆ కుర్రాడు తలూపి వెళ్ళిపోతాడు. రెండేళ్ళ తర్వాత కనబడితే ఇంకా డబ్బు కూడబెడుతూనే ఉంటాడు, లేదంటే మోటారు సైకిల్ కొనేసి ఉంటాడు.

ఈ సలహా ఇచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళలో చాలామంది నాతో కలిసి తొక్కినవాళ్ళే, నా బండి పంక్చరైతే ఎండలో ఆగి పంపు కొట్టినవాళ్ళే. కానీ సలహా తప్పు. ఏదో ఒక వివరంలో కాదు, పునాదిలోనే తప్పు. టూరింగ్ సైకిలంటే కాస్త నెమ్మదిగా నడిచే పందెపు సైకిలని వాళ్ళ ఉద్దేశం. పందెపు సైకిల్ వెనక మెకానిక్కూ విడి చక్రాలూ మోసుకుంటూ ఒక కారు వస్తుంది. మన వెనక ఎవరూ రారు. అందుకే దూరం వెళ్ళే బండికి ఉండాల్సిన మొదటి గుణం తేలిక కాదు, వేగమూ కాదు. దారిలో చెడితే తర్వాతి ఊళ్ళో, అక్కడ దొరికే సామానుతో, అక్కడి మనిషి చేతిలో బాగుపడాలి. మిగతా గుణాలన్నీ దాని తర్వాతే.

ఈ మాట నాకు దోర్నాలలో తలకెక్కింది. మేం నలుగురం హైదరాబాద్ నుంచి డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళి, అక్కణ్ణుంచి నల్లమల దాటి కిందికి దిగుతున్నాం. టీ కోసం ఆగినచోట గోడకు ఆనించిన ఒక మిత్రుడి బండి జారి కుడివైపు పడింది. చిన్న దెబ్బే. పెయింటు కూడా లేవలేదు. కానీ వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే వేలెడంత అల్యూమినియం ముక్క లోపలికి వంగింది. అది మేం చూసుకోలేదు. రెండు కిలోమీటర్లు పోయాక అతను తేలిక గేరు వేయగానే డిరైలర్ చక్రంలోకి దూరి, హ్యాంగర్ పుటుక్కున విరిగి, మూడు స్పోకులు తెగాయి. దోర్నాలలో సైకిల్ షాపు పెద్దాయన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీని తోటిది మా కాడ దొరకదు సార్. ఒంగోలులో కూడా దొరకదు," అన్నాడు. ఆయన అన్నది నిజం. ఆ ముక్క ఒక్కో కంపెనీకి, ఒక్కోసారి ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారంలో ఉంటుంది. మిత్రుడు బండిని బస్సు మీదికెక్కించి ఇంటికి వెళ్ళిపోయాడు.

అదే షాపులో, అదే గంటలో నా బండి వెనక టైరు పక్క చీలి ట్యూబు బుడగలా బయటికొచ్చింది. పెద్దాయన తల పైకెత్తి, దూలానికి వేలాడుతున్న టైర్ల గుత్తిలోంచి ఒకటి లాగాడు. "ఇదుంది సార్, పిలకాయల సైకిల్ది." గళ్ళు గళ్ళుగా, బరువుగా, రబ్బరు వాసన కొడుతూ ఉంది. ఆ టైరు మీదే మార్కాపురం, ఒంగోలు చూసుకుని తిరిగొచ్చాను. మిత్రుడి బండి ఖరీదు నా బండికి ఎనిమిదింతలు.

ఆ టైరు దొరకడం నా అదృష్టం కాదు, చక్రం కొలత పుణ్యం. టైరు పక్కన చిన్న అంకెలు పోతపోసి ఉంటాయి: 50-559 అనో 28-622 అనో. మొదటిది వెడల్పు, రెండోది టైరు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. నమ్మాల్సింది ఈ రెండో అంకెనే. పేరుకు 26 అంగుళాలని పిలిచే టైర్లలో 559 ఉంది, 590 ఉంది, ఇంకా ఉన్నాయి. ఒకటి రెండోదాని రిమ్ముకి ఎక్కదు. మన పాత నల్ల సైకిల్ 28 అంగుళాల చక్రం 635. రోడ్డు బండ్ల 700సి చక్రం 622. బళ్ళో చదివే పిల్లలు తొక్కే లావు టైర్ల చవక సైకిళ్ళది 559. ఆ పిల్లలు ప్రతి మండలంలోనూ ఉన్నారు కాబట్టి ఆ టైరూ ప్రతి మండలంలోనూ ఉంటుంది. ప్రపంచమంతా ఇదే లెక్క కాబట్టే సర్లీ కంపెనీ 2004లో తెచ్చిన లాంగ్ హాల్ ట్రక్కర్ అనే పేరుమోసిన టూరింగ్ సైకిల్ చాలా ఏళ్ళు 26 అంగుళాల చక్రంతోనూ దొరికింది. ట్యూబుకు ఉండే వాల్వు విషయమూ అంతే. మోటారు సైకిల్ ట్యూబుకు ఉండే లావు వాల్వయితే పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవచ్చు. సన్న ప్రెస్టా వాల్వయితే ఇత్తడి అడాప్టర్ జేబులో లేనిరోజు మీ పంపే దిక్కు.

ఇక బరువు సంగతి. తేలిక బండి లేకపోతే ఘాట్ ఎక్కలేమన్న భయమే మన కుర్రాళ్ళ చేత అప్పులు చేయిస్తోంది, కాబట్టి లెక్క దాకా వెళ్తాను. తొక్కేవాడు 70 కిలోలు. సంచులు 15. నీళ్ళు 3. స్టీలు బండి 14. మొత్తం 102. దాని బదులు 9 కిలోల బండి కొంటే మొత్తం 97. గాలి, రాపిడి పక్కన పెట్టి, మామూలు మనిషి గంటలకొద్దీ తొక్కగల 120 వాట్ల బలం అనుకుందాం. వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కడానికి బరువు బండి మీద 139 నిమిషాలు, తేలిక బండి మీద 132 నిమిషాలు. ఏడు నిమిషాలు! ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లో ఒక వ్యూపాయింటు దగ్గర ఆగి బొంగులో చికెన్ తినేవాడు ఇంతకు నాలుగింతలు అక్కడే ఖర్చుపెడతాడు. మైదానంలోనైతే ఆ ఏడు నిమిషాలూ ఉండవు; అక్కడ బరువు కంటే గాలిదే పెత్తనం.

ఘాట్‌లో మోకాళ్ళను కాపాడేది గేరు. పందెపు బండికి ముందు చిన్న పళ్ళచక్రం 34 పళ్ళు, వెనక పెద్దది చాలావాటికి 28. ఏడు శాతం వాలు మీద, ఈసారి రాపిడి కూడా కలుపుకుని, అదే 120 వాట్లతో ఆ తేలిక బండిని ఎక్కిస్తే పెడలు నిమిషానికి 40 సార్లు కూడా తిరగదు. ప్రతి తిప్పుకీ లేచి నిలబడి తొక్కాలి, మోకాలు కిర్రుమంటుంది. కొత్త బండ్లలో వెనక 34 కూడా ఇస్తున్నారు, ఒప్పుకుంటాను. అప్పుడు 46 దాకా వస్తుంది. ముందు 26, వెనక 34 పెట్టిన పాత మూడు పళ్ళచక్రాల క్రాంకు మీద, ఐదు కిలోలు ఎక్కువ మోస్తూ కూడా, పెడలు నిమిషానికి 60కి దగ్గరగా తిరుగుతుంది. వేగం గంటకు ఐదున్నర కిలోమీటర్లే. కానీ కూర్చుని, పక్కవాడితో మాట్లాడుతూ ఎక్కుతాం. ఈ క్రాంకుల్ని ఇప్పుడు పాతకాలం సరుకని తీసిపారేస్తున్నారు. పారేసేవాళ్ళు నా దగ్గరికి పంపమని మనవి.

పందెం చెప్పిందే వేదమన్న ధోరణి ఈనాటిది కాదు. గేర్ల కథే చూడండి. ఫ్రాన్స్‌లో సెయింట్ ఎటియెన్‌కు చెందిన పాల్ ద వీవీ, వెలోసియో అన్న కలంపేరుతో పత్రిక నడిపినాయన, పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ గేర్ల కోసం పోరాడాడు. కొండలెక్కి ఊళ్ళు తిరిగే మనిషికి ఒక్క గేరు చాలదని తానే తొక్కి చూపించాడు. అప్పట్లో పందెంవాళ్ళు గేర్లు ముసలాళ్ళ కోసమని కొట్టిపారేశారు. టూర్ ద ఫ్రాన్స్‌లో డిరైలర్ గేర్లను అనుమతించింది 1937లో. వెలోసియో 1930లోనే పోయాడు. టైర్లదీ అదే దారి. 23 మిల్లీమీటర్ల సన్న టైరును రాయిలా బిగించి తొక్కడమే వేగమని దశాబ్దాలపాటు చెప్పారు. ఇవాళ ఆ పందెంవాళ్ళే 28, 30 మిల్లీమీటర్ల టైర్లలో గాలి తగ్గించి తొక్కుతున్నారు. గతుకుల రోడ్ల మీద తిరిగిన యాత్రికులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఇన్నిసార్లు మనవాళ్ళ అనుభవమే నిజమని తేలాక కూడా మళ్ళీ పందెం దుకాణం ముందే వరుసలో నిలబడటం నాకు బాధగా ఉంటుంది.

ఈ సైకిల్ యాత్రికుల కథతో మన దేశానికి చుట్టరికం ఉంది. 1923 అక్టోబరులో ఆరుగురు పార్సీ కుర్రాళ్ళు బొంబాయి నుంచి సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరారు. వాళ్ళలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా 1928లో తిరిగొచ్చేసరికి 71 వేల కిలోమీటర్లు తొక్కారు. మెసపొటేమియా ఎడారి దాటినవాళ్ళకి కార్బన్ ఎక్కడిది? 1963లో డెర్వ్లా మర్ఫీ అనే ఐరిష్ మహిళ డంకర్క్ నుంచి ఢిల్లీ దాకా ఒంటరిగా తొక్కుతూ వచ్చింది. ఆమె బండికి మూడు గేర్లు ఉండేవి. బయల్దేరే ముందే ఆమె వాటిని తీయించేసింది. ఆసియా రోడ్ల మీద ఆ పరికరం నిలవదని ఆమె అంచనా. ఎక్కలేనిచోట దిగి తోసింది. నేను గేర్లు కావాలంటున్నాను, ఆమె వద్దంది. కానీ ఇద్దరి లెక్కా ఒకటే. ఆనాటి ఆ దారిలో బాగుచేసే మనిషి లేని పరికరాన్ని ఆమె వెంట తీసుకెళ్ళలేదు. అంతకు ముందు ఏడాదే ఇల్లు వదిలిన జర్మన్ యాత్రికుడు హైంజ్ ష్టూకె అర్ధశతాబ్దంపాటు ఆరు లక్షల కిలోమీటర్లు దాటి తొక్కాడు, అందులో చాలా భాగం మూడు గేర్ల ఇనుప బండి మీదే. సామాను లేకుండానే దాని బరువు 25 కిలోలు.

ఇక్కడ అవతలివాళ్ళ బలమైన వాదన ఒకటుంది. పాత సామానుకు విడిభాగాలు దొరకవు, కొత్తది కొంటే పదేళ్ళు నిశ్చింత అంటారు. నాకు కనబడేది దీనికి సరిగ్గా తలకిందులు. క్రాంకు తిరిగే బాటమ్ బ్రాకెట్‌నే తీసుకోండి. మరలతో బిగించే పాత ఇంగ్లిష్ కొలత, అంగుళానికి 24 చుట్లు, నూరేళ్ళుగా నడుస్తోంది. తేలిక పేరుతో మరలు తీసేసి, నొక్కి కూర్చోబెట్టే రకాలు అరడజను తెచ్చారు. అవి కిర్రుకిర్రుమంటున్నాయని జనం మొత్తుకుంటే పెద్ద కంపెనీలు మళ్ళీ మరలకే వచ్చాయి. స్పెషలైజ్డ్ కంపెనీ తన పందెపు సైకిల్ టార్మాక్ ఎస్ఎల్7ని 2020లో మరలతోనే విడుదల చేసింది. మధ్యలో కొన్నవాళ్ళ గతి? వాళ్ళ ఫ్రేముకు సరిపోయే బేరింగు కోసం వాళ్ళే వెతుక్కోవాలి. షిమానో 7, 8, 9 గేర్ల వెనక డిరైలర్లు మాత్రం ఒకదాని బదులు ఒకటి పనిచేస్తాయి. 8 గేర్ల చైను 6, 7 గేర్లకూ సరిపోతుంది. పైగా ఏడు గేర్ల సరుకు జిల్లా కేంద్రంలో ఏ షాపులోనైనా ఉంటుంది. పన్నెండు గేర్ల చైను కోసం హైదరాబాద్‌కి ఫోన్ చేయాలి. 2023 బడ్జెట్‌లో సైకిళ్ళ దిగుమతి సుంకం 30 నుంచి 35 శాతానికి పెరిగాక బయటి సరుకు ధర ఎటు పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

పాతది కొంటే మోసపోతామన్న భయం మాత్రం నిజమైన భయం. అది మందలింపుతో పోదు, చూడటం నేర్చుకుంటే పోతుంది. ఫ్రేము కొనేటప్పుడు హ్యాండిల్ గొట్టం వెనక, కింది గొట్టం అతుకు దగ్గర వేలితో నిమరండి. ముందు నుంచి గుద్దుకున్న బండికి అక్కడ చిన్న ఉబ్బు, పెయింటులో వెంట్రుకవాసి ముడత ఉంటాయి. ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. సీటు గొట్టం పైకీ కిందికీ కదులుతుందా? తుప్పుతో పట్టేసి ఉంటే అది మీ ఎత్తుకు ఎప్పటికీ రాదు. చైనును స్కేలుతో కొలవండి: సున్నా దగ్గరి పిన్నును వదిలేసి లెక్కపెడితే పన్నెండు అంగుళాలకు సరిగ్గా 24 పిన్నులు రావాలి. అంగుళంలో పదహారో వంతు సాగి ఉంటే చైను మార్చాలి. అంతకు రెట్టింపు సాగితే పళ్ళచక్రాల ఖర్చు కూడా ధరలోంచి తగ్గించి అడగండి. క్రాంకు కింద ఫ్రేము నంబరు ఉంటుంది, పాత బిల్లు అడగండి. బిల్లు లేక, నంబరు గీకేసి ఉంటే అది దొంగ సొత్తు. ఎంత చవకైనా ముట్టుకోకూడదు. ఇంకొకరు ఏళ్ళు తొక్కిన తోలు సీటు కొనొద్దు. పేరుమోసిన బ్రూక్స్ కంపెనీదైనా సరే, అది వాళ్ళ ఎముకలకు అచ్చుపడి ఉంటుంది.

కార్బన్ ఫ్రేమును మాత్రం పాతది కొనకండి. లోపల పగులు ఉంటే మన కంటికి కనబడదు. అలాగే స్టీలు మీద ఉన్న ఒక అపోహను కూడా ఇక్కడే వదిలించాలి, అది మా పక్షంవాళ్ళదే అయినా. స్టీలు ఫ్రేము విరిగితే ఏ పల్లెలోనైనా వెల్డింగు చేసేస్తారని మావాళ్ళు గొప్పగా చెబుతారు. క్రోమ్‌మాలీ అనే మంచి స్టీలు గొట్టం గోడ మధ్యలో ఒక మిల్లీమీటరు కూడా మందం ఉండదు. గేట్లకూ గ్రిల్లులకూ వాడే రాడ్డు వెల్డింగు పెడితే అది బొక్కపడుతుంది. గ్యాసుతో ఇత్తడి అతుకు వేయగలవాణ్ణి వెతకాలి. అలాంటివాళ్ళు ఉన్నారు, కానీ ప్రతి ఊళ్ళో లేరు. ఇనుప రిమ్ముల పాత నల్ల సైకిలే చాలునని తాతల కాలాన్ని తలుచుకుని మురిసిపోయేవాళ్ళతోనూ నేను కలవను. వానలో ఇనుప రిమ్ముని రబ్బరు బ్రేకు పట్టదు. లంబసింగి ఘాట్ దిగేటప్పుడు అది చావుతో చెలగాటం. అల్యూమినియం రిమ్ము, వి బ్రేకు ఉండాలి. ఆ బ్రేకు రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి.

పందెపు బండికి సంచులు తగిలిస్తే సరిపోదా అని అడిగేవాళ్ళు ఒక్కసారి ఆ పని చేసి చూడాలి. పెడలు వెనక్కి వచ్చినప్పుడల్లా మడమ సంచికి కొట్టుకుంటుంది. క్రాంకు నుంచి వెనక ఇరుసు దాకా ఉండే గొట్టం ఆ బండ్లకు 41 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. నేను పైన చెప్పిన సర్లీ లాంగ్ హాల్ ట్రక్కర్‌కు 46. ఆ ఐదు సెంటీమీటర్లే మడమకు చోటు. క్యారియర్ బిగించడానికి మరల రంధ్రాలు కూడా చాలా పందెపు ఫ్రేములకు ఉండవు. గడువులోగా దూరం పూర్తిచేసే బ్రెవే అనే సవారీల రుచి మరిగినవాళ్ళు దీన్ని పట్టించుకోరు, వాళ్ళకు సంచులే ఉండవు కాబట్టి. 200 కిలోమీటర్ల బ్రెవేకు పదమూడున్నర గంటలు గడువు. అంటే గంటకు పదిహేను కిలోమీటర్ల లోపే. ఆ గడువునైనా బరువు బండి మీద అందుకున్నవాళ్ళు మనలోనే ఉన్నారు. అలాంటిది గడువే లేని ప్రయాణానికి గడియారం కోసం కట్టిన బండి ఎందుకు?

కొత్త బండి కొన్నవాడికి దక్కనిది ఇంకొకటుంది. పాత సామాను చేతులు మారేటప్పుడు దానితోపాటు విద్య కూడా మారుతుంది. నేను ఎర్రగడ్డ ఆదివారం సంతలో తుప్పు పట్టిన హబ్బు కొని, ఎలా విప్పాలో తెలియక ఒక పెద్దమనిషి ఇంటికి పట్టుకెళ్ళాను. ఆయన పేపరు పరిచి, కోను విప్పి, నల్లటి గ్రీజులోంచి గోళీల్ని ఒక్కొక్కటే తీయించాడు. వెనక హబ్బులో పక్కకు తొమ్మిది, పావు అంగుళం గోళీలు. ముందు హబ్బులో పక్కకు పది, కాస్త చిన్నవి. "కోను బిగించేటప్పుడు పూర్తిగా బిగించకు నాయనా, చక్రం ఫ్రేములో పడ్డాక ఇంకొంచెం బిగుసుకుంటుంది," అన్నాడు. ఆ మాట ఏ డబ్బాలోనూ ముద్రించి రాదు. అలాంటి గోళీలు పల్లెటూరి షాపులో పాత బిస్కెట్ డబ్బా నిండా ఉంటాయి. సామాను కొని రెట్టింపు ధరకు అమ్ముకోవడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు ఈమధ్య మనలో తయారయ్యారు. వాళ్ళు పాడుచేస్తున్నది ధరలను మాత్రమే కాదు. కుర్రాడు వచ్చి అడిగినప్పుడు కూర్చోబెట్టి చూపించే ఆ సాయంత్రాన్ని కూడా పాడుచేస్తున్నారు.

మొదట్లో చెప్పిన కుర్రాళ్ళలో ఒకడు పోయిన వేసవిలో నా మాట విన్నాడు. ఒక అపార్ట్‌మెంట్ సెల్లారులో ఏళ్ళుగా దుమ్ము తింటున్న స్టీలు ఎంటీబీని, అంటే మౌంటెన్ బైకును, దాని యజమాని దగ్గర కొన్నాడు. సస్పెన్షన్ ఫోర్కు లేని పాత రకం, 26 అంగుళాల చక్రాలు, 36 స్పోకులు. ముందు ఫ్రేము తన ఎత్తుకు సరిపోయిందో లేదో చూసుకున్నాడు, ఎందుకంటే కొలత తప్పిన బండిని ఏ ధరకూ సరిచేయలేం. క్రాంకు నేనిచ్చాను. వెనక డిరైలర్ ఒక మిత్రుడు ఇచ్చి, బదులుగా ఇతని దగ్గరున్న పాత పెడళ్ళు పట్టుకెళ్ళాడు. టైర్లు, చైను, బ్రేకు రబ్బర్లు, తీగలు మాత్రం కొత్తవి. మొన్న ఆదివారం వెనక హబ్బు తనే విప్పాడు. గోళీలు లెక్కపెడితే ఎడమవైపు ఎనిమిదే వచ్చాయి. గంటసేపు వెతికితే తొమ్మిదోది మంచం కింద దొరికింది. ఈ శీతాకాలం నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కి, చింతపల్లి, పాడేరు మీదుగా అరకు వెళ్తానంటున్నాడు. ముందు క్యారియర్ ఒక్కటే ఇంకా దొరకలేదు. ఎవరి అటక మీదైనా ఉంటే చెప్పండి, వాడొచ్చి పట్టుకెళ్తాడు.